క్లాస్ లీడర్ ఎన్నికను మానేయాలా?

ప్రశ్న: నేను తిరుపతి రూరల్ మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. ఎన్నికల పాఠం పూర్తయ్యాక తొమ్మిదో తరగతిలోని 42 మంది పిల్లలతో క్లాస్ లీడర్ ఎన్నిక జరిపించాను. నలుగురు పోటీ చేశారు. గెలిచిన అబ్బాయి ముందురోజు సాయంత్రం పెన్నులు, చాక్లెట్లు పంచాడని తరువాత తెలిసింది. చిట్టీలు విప్పి చూస్తే, ఏ వీధి పిల్లలు ఆ వీధి అభ్యర్థికే వేసినట్టు కనిపించింది. రెండు ఓట్లే వచ్చిన ఒక అబ్బాయి రెండు రోజులు బడికి రాలేదు. ‘చదువుకునే పిల్లలకు రాజకీయాలు ఎందుకు’ అని కొందరు తల్లిదండ్రులు వచ్చి అడిగారు. ఇకమీదట మార్కులు ఎక్కువ వచ్చినవారినే లీడర్‌గా పెడదామని ప్రధానోపాధ్యాయులు అంటున్నారు. నేను చేసింది పొరపాటా? ఓటు గురించి పిల్లలకు సరిగా ఎలా నేర్పాలి? — ఒక ఉపాధ్యాయిని

సమాధానం:

అమ్మా,

ఎన్నిక జరిపించడం పొరపాటు కాదు. జరిపించిన తీరులో సరిదిద్దుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వచ్చే ఏడాది మానేయడం మాట అటుంచి, ఈ ఏడాదే, ఇదే తరగతిలో, మూడు నెలల తరువాత మరొకసారి ఎన్నిక జరిపించమని నా సలహా. బడి మానేసిన అబ్బాయి సంగతి చివర రాస్తాను. దాన్ని మిగతా విషయాలతో కలిపి రాయడం నాకు ఇష్టం లేదు.

మీ ఉత్తరం చదువుతూ నేను ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. చిట్టీలు విప్పినప్పుడు ఏ వీధి పిల్లలు ఎవరికి వేశారో కనిపించిందని రాశారు. అది మీకు ఎలా తెలిసింది? పిల్లల చేతిరాత మీకు తెలుసు కనుక తెలిసింది. మీకు తెలిసిపోతుందన్న సంగతి పిల్లలకు కూడా తెలుసు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సరిగ్గా ఇదే తప్పు చేశాను. నోటుపుస్తకంలోని కాగితాలు చింపి ఇచ్చి, నచ్చినవారి పేరు రాసి, మడిచి నా బల్ల మీద పెట్టమన్నాను. నాలుగో చిట్టీ విప్పగానే అది ఎవరి రాతో పోల్చుకుని తల ఎత్తితే, ఆ అమ్మాయి నా ముఖంలోకే చూస్తూ ఉంది. ఆ తరువాత చాలా రోజులు నేను ఏ ప్రశ్న అడిగినా, ఓటు సంగతి మనసులో పెట్టుకుని అడుగుతున్నానేమోనని ఆమె బెదురుతూనే జవాబు చెప్పింది. ఓటు రహస్యమని పాఠంలో చెప్పి, ఆ రహస్యాన్ని నా బల్ల మీదే నేను బయటపెట్టాను.

కొన్నేళ్ల తరువాత, ఇంకా బ్యాలెట్ పత్రాలు వాడుతున్న రోజుల్లో, ఒక పల్లెలోని పోలింగ్ కేంద్రంలో విధుల్లో ఉన్నాను. ఓటు వేసి వెళ్లిపోతున్న ఒక ముసలమ్మ గడప దగ్గర ఆగి, వెనక్కి వచ్చి, నా బల్ల మీదికి వంగి, ‘నేను ఎవురికి ఏసినానో నీకు తెలుస్తాదా సామీ?’ అని మెల్లగా అడిగింది. నాకు తెలియదమ్మా, రేపు పెట్టె తెరిచి లెక్కపెట్టేవాళ్లకు కూడా తెలియదు అన్నాను. కొంగుతో ముఖం తుడుచుకుని, ‘అట్లయితే సరే’ అని ఆమె వెళ్లిపోయింది. ఆమె ఎవరి చేలో కూలికి పోతుందో, ఎవరికి బాకీ ఉందో నాకు తెలియదు. కానీ ఓటు రహస్యాన్ని కాపాడటం ఓట్ల నమోదులోనూ లెక్కింపులోనూ పాలుపంచుకునే ప్రతి ఒక్కరి బాధ్యత అని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 128వ సెక్షనులో ఎందుకు రాశారో ఆ రోజు నాకు అర్థమయింది.

అందుచేత ఈసారి పిల్లల చేత పేర్లు రాయించకండి. ఒక్కో అభ్యర్థికి ఒక్కో గుర్తు ఇచ్చి, గుర్తులన్నీ ఉన్న చిట్టీలను ఒకే తీరులో జిరాక్సు తీయించి, తాము ఎంచుకున్న గుర్తు మీద స్టాంపు ప్యాడుతో ఒక్క ముద్ర వేయమనండి. గుర్తులు మామిడికాయ, బిందె, తిరగలి, చింతచెట్టు వంటివి కావాలి. సైకిలు, ఫ్యాను, గాజు గ్లాసు, కమలం, చెయ్యి జోలికి పోకండి. పోటీ చేసేవారు కాని, మీరు కాని ఏ పార్టీ పేరూ ఎత్తకూడదన్న నియమాన్ని మొదటి రోజే బోర్డు మీద రాయండి. ఎన్నికల ప్రచారంలో పిల్లలను ఏ రూపంలోనూ వాడుకోకూడదని ఎన్నికల సంఘం 2024 ఫిబ్రవరిలో పార్టీలన్నిటికీ గట్టిగా చెప్పింది. ఆ మాట తల్లిదండ్రులకు కూడా చెబితే, మీరు చేస్తున్నది ప్రచారం కాదని వారికి నమ్మకం కలుగుతుంది.

బ్యాలెట్ పెట్టెకు మధ్యాహ్న భోజనంలో వచ్చే చిక్కీల అట్టపెట్టె చాలు. అయితే దాన్ని పిల్లల ఎదుటే సిద్ధం చేయాలి. ఓటింగ్ మొదలయ్యే ముందు పెట్టెను బోర్లించి, తట్టి, లోపల ఏమీ లేదని నలుగురు అభ్యర్థుల తరఫున కూర్చునే ఏజెంట్లకూ చూపించి, మూత మీద గమ్ము కాగితం అంటించి, సగం సంతకం కాగితం మీద, సగం అట్ట మీద పడేలా వారి చేత సంతకాలు చేయించండి. అసలు ఎన్నికల్లో తెల్లవారకముందే జరిగే పని కూడా ఇదే. పోలింగ్ ఏడింటికి మొదలయ్యేచోట అయిదున్నరకే ఏజెంట్ల సమక్షంలో మాక్ పోల్, అంటే నమూనా ఓటింగ్ జరిపి, కనీసం 50 ఓట్లు వేయించి, ఈవీఎం చూపిన లెక్కనూ, ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపే వీవీప్యాట్ యంత్రంలోని చీటీల లెక్కనూ సరిపోల్చి, ఆ ఓట్లను తుడిచివేసి, చీటీలను తీసేసి, అప్పుడు సీలు వేస్తారు. వీవీప్యాట్ అద్దం వెనక చీటీ 7 సెకన్లు కనిపించి పెట్టెలోకి జారిపోతుంది. ఆ ఏడు సెకన్లను పిల్లల చేత గట్టిగా లెక్కపెట్టించండి. తన గుర్తు కళ్లతో చూసుకోవడానికి ఆ కాస్త సమయం సరిపోతుందా లేదా అన్నది వారే తేల్చుకుంటారు.

ఓటర్ల రిజిస్టరును మరిచిపోకండి. చిట్టీ తీసుకునే ముందు ప్రతి విద్యార్థీ సంతకం చేయాలి, ఎడమ చూపుడు వేలి మీద చుక్క పెట్టించుకోవాలి. పెట్టె తెరిచాక ముందుగా చిట్టీల సంఖ్య చూడాలి: రిజిస్టరులో 42 సంతకాలుంటే పెట్టెలో 42 చిట్టీలుండాలి. ఆ తరువాతే ఎవరికెన్ని అన్నది. ఇద్దరికి సమానంగా వస్తే చట్టం చెప్పినట్టే చీటీ తీయండి. లోక్‌సభ స్థానంలోనైనా ఓట్లు సమానమైతే అదే పద్ధతి.

ఇక పెన్నులు, చాక్లెట్లు. మీకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదేనని ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది. ఒక్కటి అడుగుతాను: మీ తరగతిలో లీడర్ చేసే పని ఏమిటి? మాట్లాడినవారి పేర్లు బోర్డు మీద రాయడం, సుద్దముక్కలు తేవడం, హాజరు పుస్తకం ఆఫీసుకు చేర్చడం. వీటిలో ఓటు వేసిన పిల్లవాడికి పనికొచ్చేది ఏదీ లేదు. పేర్లు రాసే పని వల్ల వాడికి నష్టమే. ఎవరు గెలిచినా తన రోజు ఏమీ మారదని తెలిసిన పిల్లవాడికి ఆ ఎన్నికలో దక్కే లాభం చేతిలో పడిన పెన్ను ఒక్కటే. పిల్లలు అత్యాశతో ఓటు అమ్ముకున్నారని నేను అనుకోను. మనం వారి చేతిలో పెట్టిన ఓటుకు విలువ లేకపోతే, పెన్నుకు విలువ వచ్చింది.

అందుకని లీడర్‌కు తరగతిలో నిజమైన అధికారం కొంత ఇవ్వండి. భోజనాల వరుసలో ఏ రోజు ఏ బెంచీవారు ముందు నిలబడాలో, ఆటల పీరియడులో బంతి అమ్మాయిల చేతికి ఎప్పుడు రావాలో, గ్రంథాలయ పుస్తకాలు ఎవరికి ఎన్ని రోజులు ఇవ్వాలో లీడరూ ఇద్దరు సహాయకులూ కలిసి నిర్ణయించి, మీ చేత సంతకం చేయించుకోవాలి. మరుగుదొడ్డి తలుపుకు గడియ ఊడిపోతే ప్రధానోపాధ్యాయులకు అర్జీ రాసి, జవాబు వచ్చేదాకా వెంటపడే బాధ్యత కూడా వారిదే. పోటీ చేసేవారు ప్రచారంలో ఈ పనుల గురించే మాట్లాడాలి, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, చివర తరగతి నుంచి రెండు ప్రశ్నలు. బంతి ఎవరి చేతికి వస్తుందన్నది తేలే ఎన్నికలో, చాక్లెట్టు తిన్న అమ్మాయి కూడా ఓటు వేసే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తుంది.

అధికారం ఇచ్చాక లెక్క అడగాలి. నెలలో చివరి శనివారం ఒక పీరియడు దీనికే కేటాయించండి. లీడర్ నిలబడి తాను చెప్పినవి ఏవి జరిగాయి, ఏవి జరగలేదు అన్నది చెప్పాలి, మిగతావారు అడగాలి, ఒకరు మినిట్స్ పుస్తకంలో రాయాలి. లెక్క చెప్పనివారు రెండోసారి పోటీకి అనర్హులు అన్న నియమం కూడా పెట్టండి. ఇది నేను కొత్తగా కల్పించింది కాదు. మనకు దక్షిణాన, కాంచీపురం దగ్గరి ఉత్తరమేరూరులో పదో శతాబ్దపు చోళ రాజు మొదటి పరాంతకుని కాలం నాటి శాసనాలు గుడి గోడల మీద ఉన్నాయి. ఊరి సభ కమిటీల సభ్యులను ఎన్నుకోవడానికి పేర్లు రాసిన తాటాకులను కుండలో వేసి, ఒక చిన్న పిల్లవాడి చేత తీయించేవారని, వయసు 35కూ 70కీ మధ్య ఉండాలని, అంతకుముందు పదవిలో ఉండి లెక్కలు అప్పజెప్పనివారు, వారి దగ్గరి బంధువులు అనర్హులని అందులో ఉంది. ఈ సంగతి చెప్పి, ఆ కుండలో ఎవరి పేర్లు పడే వీలే లేదో పిల్లలను వెతకమనండి. సొంత భూమి, సొంత ఇల్లు, శాస్త్ర జ్ఞానం ఉండాలన్న షరతులతో ఊరిలో సగానికి పైగా జనం బయటే మిగిలిపోయారని, ఆడవారికి చోటే లేదని వారే చెబుతారు. అప్పుడు రాజ్యాంగంలోని 326వ అధికరణం చదివించండి. భూమి, చదువు, కులం, స్త్రీ పురుష భేదం ఏదీ అడగకుండా వయసు నిండిన ప్రతి పౌరునికీ ఓటు అన్న ఆ మాట ఎంత పెద్దదో, తాటాకుల కుండ చూసి వచ్చిన పిల్లలకు వెంటనే అందుతుంది.

మీరు లంచం సంగతి మాట్లాడినప్పుడు, ‘మా ఇంట్లో కూడా ఓటుకు డబ్బు తీసుకున్నారు మేడం’ అని ఎవరో ఒకరు తప్పక అంటారు. ఆ పిల్లవాడిని కాని, వాడి తల్లిదండ్రులను కాని చిన్నబుచ్చకండి. చట్టం ప్రకారం ఇచ్చేవారిదీ తీసుకునేవారిదీ కూడా నేరమేనని నిదానంగా చెప్పండి. చాలామంది ఇక్కడ ఒక లెక్క వేయిస్తారు: తీసుకున్న సొమ్మును అయిదేళ్ల రోజులతో భాగిస్తే రోజుకు రూపాయి కూడా పడదని. ఆ లెక్క నాకు నచ్చదు. అది వింటే, ధర తక్కువ కావడమే తప్పని, ఎక్కువ ఇస్తే ఫరవాలేదని పిల్లలు అనుకునే ప్రమాదం ఉంది. దానికన్నా ఆ ముసలమ్మ ప్రశ్న వారి ముందు పెట్టండి. ఎవరికి వేసిందీ ఎవరికీ తెలియదన్నప్పుడు, డబ్బు ఇచ్చినవాడికి ఓటు బాకీ పడిందని ఇంట్లోవాళ్లు ఎందుకు భయపడతారు? ఈ ప్రశ్న మీద తరగతి ఒక గంట మాట్లాడగలదు.

ఏ వీధివారు ఆ వీధికి వేయడం గురించి ఎవరినీ మందలించవద్దు. ఎవరు ఎవరికి వేశారని అడగవద్దు. వీధి అన్న మాట వెనక కులం ఉందని మీకూ తెలుసు, నాకూ తెలుసు, పిల్లలకు ఇంకా బాగా తెలుసు. దానికి ఉపన్యాసం మందు కాదు. ఈసారి ప్రతి అభ్యర్థి నామినేషన్ పత్రం మీద తన వీధి కానివారు ఇద్దరు ప్రతిపాదించాలన్న నియమం పెడితే, ఆ రెండు సంతకాల కోసం వారు అటు వెళ్లి మాట్లాడక తప్పదు. తిరుపతి, చిత్తూరు లోక్‌సభ స్థానాలు రెండూ షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయినవే కనుక, ‘మిగతావాళ్లు ఎందుకు నిలబడకూడదు’ అన్న ప్రశ్న మీ తరగతిలో వచ్చే ఉంటుంది. దాటవేయకండి. పోటీ చేసేవారు మాత్రమే ఆ కులాలవారై ఉండాలని, ఓటు మాత్రం అన్ని కులాలవారూ ఒకే జాబితా నుంచి వేస్తారని, గెలవాలంటే అందరి గడపా తొక్కవలసిందేనని చెప్పండి. వేరు ఓటర్ల జాబితాలకు బదులు ఉమ్మడి జాబితాతో రిజర్వు స్థానాలను ఒప్పుకున్న 1932 నాటి పూనా ఒడంబడిక పాఠానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

మీ బడికి ఉన్న ఒక సౌకర్యం చాలా బడులకు లేదు. మీ పిల్లల్లో కొందరు తిరుపతి నగరం నుంచి, కొందరు తిరుచానూరు వైపు ఊళ్ల నుంచి వస్తూ ఉంటారు. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిని లేపి, మీ ఎమ్మెల్యే ఎవరు, మీ ఎంపీ ఎవరు అని అడగండి. జవాబులు వేరుగా రావాలి, ఎందుకంటే నగరం తిరుపతి శాసనసభ స్థానంలో ఉంది, రూరల్ మండలం చంద్రగిరి స్థానంలో ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడి చంద్రగిరి ఈ జిల్లాలోకి వచ్చినా, లోక్‌సభకు మాత్రం ఆ నియోజకవర్గం చిత్తూరు కిందే ఓటు వేస్తుంది. మరోవైపు నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి తిరుపతి ఎంపీకి ఓటు వేస్తుంది. జిల్లా గీత వేరు, నియోజకవర్గ గీత వేరు అన్న సంగతి మ్యాపు మీద రెండు రంగుల్లో గీయించండి. లోక్‌సభకు 1956 నుంచి 1962 దాకా స్పీకరుగా ఉన్న మాడభూషి అనంతశయనం అయ్యంగారు తిరుచానూరులో పుట్టినవారని, మొదటి లోక్‌సభకు తిరుపతి నుంచే ఎన్నికయ్యారని చెబితే ఆ మ్యాపు మీద తమ ఊరిని వారు మరోసారి వెతుక్కుంటారు.

ఇంటి దగ్గర చేయవలసిన పని ఒకటి ఇవ్వండి. ఇంట్లోవారి పేర్లు ఓటర్ల జాబితాలో సరిగా ఉన్నాయో లేదో పెద్దలతో కూర్చుని చూడాలి. ఆ వివరాలు తరగతికి తేనక్కరలేదు. బెంగళూరుకో చెన్నైకో పనికి వెళ్లి తిరిగి వచ్చిన కుటుంబాల్లో పేరు ఎక్కడుందో తెలియని పెద్దలు ఎందరో ఉన్నారు. కొత్తగా చేరడానికి ఫారం 6, చిరునామా మారినా తప్పులు దిద్దాలన్నా ఫారం 8. ఇప్పుడు అర్హతా తేదీలు, అంటే 18 నిండాయా అని చూసే తేదీలు, ఏడాదికి నాలుగు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. 17 నిండినవారు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంటర్ చదివే అక్కకో అన్నకో ఈ మాట చెప్పేది మీ తొమ్మిదో తరగతి పిల్లలే కావచ్చు.

పిల్లలకు రాజకీయాలు ఎందుకని అడిగిన తల్లిదండ్రులకు ఏం చెప్పాలి? వారు మీ బడిలోనే ఓటర్లు. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది స్త్రీలై ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతుంది. ఆ కమిటీకి ఎవరిని, ఎలా ఎన్నుకున్నారో పిల్లలకు వచ్చి చెప్పమని వారినే పిలవండి. 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గిందని, 2029లో ఎన్నికలు వచ్చేనాటికి ఇప్పటి హైస్కూలు పై తరగతుల పిల్లల్లో చాలామంది ఓటర్లవుతారని కూడా గుర్తు చేయండి. ప్రధానోపాధ్యాయులతో మాట్లాడేటప్పుడు, మార్కుల లీడర్ మనకు జవాబు చెబుతాడు కాని తరగతికి జవాబు చెప్పడని చెప్పి, ఈ ఒక్క ఏడాది నెలసభ మినిట్స్ పుస్తకం చూశాక నిర్ణయించమని కోరండి. బడుల్లో ఎన్నికల అక్షరాస్యత క్లబ్బులు పెట్టమని ఎన్నికల సంఘమే చెప్పింది కనుక, ఇది మీ సొంత ప్రయోగం అన్న భయం ఆయనకు అక్కరలేదు.

ఇక ఆ అబ్బాయి. రెండు ఓట్లలో ఒకటి వాడిదే అయితే, తరగతి అంతటిలో తనను కోరుకున్నది ఒక్కరేనన్న మాటతో వాడు ఇంటికి వెళ్లి ఉంటాడు. ఓట్ల సంఖ్యను దాచమని నేను చెప్పను. లెక్క బయటపెట్టని ఎన్నికను ఎవరూ నమ్మరు. కానీ చదివిన తరువాత వాడిని ఒంటరిగా వదిలేయకూడదు. వాడు బడికి వచ్చాడో లేదో మీరు రాయలేదు. రాకపోతే మీరే వాళ్లింటికి వెళ్లండి, ఎన్నిక మాట ఎత్తకుండా కాసేపు కూర్చోండి. వచ్చి ఉంటే, ఓడిపోయిన ముగ్గురినీ పిలిచి, నెలసభలో మొదటి మూడు ప్రశ్నలు అడిగే హక్కు వారిదని చెప్పండి. శాసనసభలో ప్రతిపక్షానికి ఉండే పని అదే. వాడు పోటీకి నిలబడినప్పుడు ఏదో ఒకటి చేస్తానని అనుకునే నిలబడి ఉంటాడు. ఏం చేద్దామనుకున్నావని ఇప్పటిదాకా వాడిని ఎవరూ అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు. ముందు అది అడగండి.